జేబు మీద గోదావరి

మా దుకాణానికి లోగో కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు: బొమ్మ లేకుండా వచ్చేవాళ్ళు, బొమ్మతో వచ్చేవాళ్ళు. మొదటివాళ్ళతో పేచీ లేదు. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఏదో ఒకటి గీసి చూపించి ఒప్పించవచ్చు. రెండోవాళ్ళు "బొమ్మ రెడీగా ఉందండి, ఇంక కుట్టడమే" అంటూ ఫోను తీస్తారు. ఆ పూట నాకు భోజనం ఉండదు.

ఆ ఫోన్లో ఉండేదాన్ని లోగో అనడానికి నోరు రాదు. లోగో ఒకటి ఎక్కడో ఉందనడానికి సాక్ష్యం, అంతే. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీని నడుస్తున్న మోటారు సైకిలు మీంచి తీసిన ఫొటో అయ్యుంటుంది. దానికి అడ్డంగా కరెంటు తీగ, తీగ మీద కాకి. "ఆ కాకిని తీసేసి కుట్టండి మేడంగారూ" అంటారు. కాకి వెనకాల ఏముందో ఆయనకీ తెలీదు. లేదంటే పర్సులో మూడు వేసవులు గడిపిన విజిటింగ్ కార్డు. అదీ కాకపోతే నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి తిరిగి చిక్కి శల్యమైన బొమ్మ. "కొంచెం క్లియర్‌గా ఉన్నది పంపండి" అంటామనుకోండి, అదే బొమ్మను రెండు వేళ్ళతో సాగదీసి, స్క్రీన్‌షాట్ తీసి మళ్ళీ పంపుతారు. ఇందాకటికన్నా పెద్దగా ఉంది కదా మరి!

"అసలు ఫైలు లేదాండీ? కోరల్ డ్రాలో చేసింది?" అని అడగడం నా వృత్తిధర్మం. దానికి జవాబు కూడా ఏళ్ళ తరబడి ఒకటే. "ఫ్లెక్సీ కుర్రాడి దగ్గరుందండి. ఆడు కువైట్ ఎల్లిపోయాడండి." గోదావరి జిల్లాల లోగోలన్నీ ప్రస్తుతం కువైట్‌లో ఉన్నాయని నా అంచనా.

రాజమండ్రిలో, తాడితోట బట్టల మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. మెషీను మా కుర్రాడు తిప్పుతాడు. నాది పంచింగ్, అంటే మీరిచ్చిన బొమ్మను మెషీనుకు అర్థమయ్యేలా కుట్లుగా రాయడం. పనిలోకి దిగాక తెలిసిందేమిటంటే, మెషీనుకు బొమ్మ అనేదే తెలీదు. డీఎస్టీ అని మేమిచ్చే ఫైల్లో ఉండేదల్లా మిల్లీమీటరులో పదో వంతు కొలతల్లో ఆజ్ఞలు: ఇంత కుడికి జరిగి గుచ్చు, ఇంత పైకి జరిగి గుచ్చు, దారం తెంపు, రంగు మార్చు. ఏ రంగుకు మార్చాలో కూడా చెప్పదు. ఆగు, తరువాతి సూదికి వెళ్ళు, అంతవరకే దాని బాధ్యత. ఒకసారి ఓ బడి యూనిఫాం ఆర్డరు పెద్దదైపోయి, మా ఫైలు ఇచ్చి బయట కుట్టించాం. నా కాగితం మీద రంగుల వరస రాసే ఉంది. అక్కడి ఆపరేటరు కాగితం చూసే అలవాటు లేనివాడు. జ్ఞానజ్యోతి పచ్చగా, దాని కింది ఆకులు ఎర్రగా వెలిగాయి. హెడ్మాస్టారు చాలాసేపు చూసి, "మిరపకాయలు బాగా వచ్చాయమ్మా" అన్నారు.

ఈ పని నాతో మొదలవలేదు. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లీ అనే ఆయన షిఫ్లీ మెషీను కనిపెట్టినప్పుడు, బొమ్మను ఆరు రెట్లు పెద్దగా గీసి బోర్డుకు కొట్టేవారు. ఒక మనిషి ఆ బొమ్మ మీద కుట్టు తరువాత కుట్టుగా ములుకు జరుపుతుంటే, అవతల మెషీనులోని సూదులన్నీ అదే బొమ్మను ఆరో వంతు సైజులో కుట్టేవి. తరువాత 1898లో ఆయన కొడుకు ఆ మనిషిని లేపేసి, కన్నాలు పొడిచిన కార్డు పెట్టాడు. కన్నాలు పొడిచినవాడి వారసురాలిని నేను. నాకు గ్రోబ్లీగారి మీద ఒక్కటే అసూయ. ఆయన దగ్గరికి బొమ్మ ఆరు రెట్లు పెద్దదై వచ్చేది. నా దగ్గరికి ఆరో వంతై వస్తుంది.

ఈ మధ్య మూడో రకం కూడా తయారయ్యారు, ఏఐతో చేయించుకొచ్చేవాళ్ళు. "మా అబ్బాయి డాలస్ నుంచి పంపాడండి, రెండు నిమిషాల్లో చేసేశాడట" అని చూపిస్తారు. బొమ్మ నదురుగానే ఉంటుంది. బంగారు అంచులు, వెనకాల నీడ, నీడ కింద మెరుపు, మెరుపులోంచి పొగ. హంసకు మూడో కాలుంటుంది. కింద తెలుగులా కనిపించే ఒక లిపి ఉంటుంది గానీ, అది చదవాలంటే శాసనాలు చదివే పండితుణ్ని పిలవాలి. "సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే అదే కుట్లుగా మారిపోతుందట కదండీ?" అని కూడా అడుగుతారు. మారిపోతుంది, అబద్ధం ఎందుకు. ఆ పొగనంతా ముక్కలు ముక్కలుగా కోసి, ముక్కకో రంగు ఇచ్చి, ముక్కకూ ముక్కకూ మధ్య దారం తెంపమంటుంది. నిమిషానికి 800 కుట్లు వేయాల్సిన మెషీను నాలుగు కుట్లు వేసి కత్తిరించి, ఆరు కుట్లు వేసి కత్తిరించి, సాయంత్రానికి మంగలిషాపు అనిపించుకుంటుంది.

కాగితం మీద సిరా మసకబారగలదు. ముదురు నారింజ లేత పసుపులోకి మెల్లగా కరిగిపోగలదు. దారానికి ఆ సౌకర్యం లేదు. మేం మామూలుగా వాడే 40 నంబరు దారం దాదాపు 0.4 మిల్లీమీటర్ల మందం. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు అందరూ తలూపుతారు. ఊపి, "అయినా ఆ నీడ మాత్రం రావాలండి" అంటారు.

ఇక తెలుగు అక్షరాలు. ఇంగ్లీషువాడికేం, నిలువు గీతలూ అడ్డగీతలూ వేసుకుని ఎనభై శాతం పని కానిచ్చేశాడు. మనవి సున్నాలూ వంపులూ, పైన తలకట్టు, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. మామూలు దారంతో ఇంగ్లీషు పెద్దక్షరం 5 మిల్లీమీటర్ల ఎత్తుకు దిగితేనే మొరాయిస్తుంది. అదే ఎత్తులో "రాష్ట్ర" రాయమంటే, మూడంతస్తుల మేడను గూట్లో సర్దమన్నట్టే. పైగా దారం బట్టను లోపలికి లాగుతుంది కాబట్టి సన్నటి సందులన్నీ పూడిపోతాయి. ధకు కింద ఉండే చిన్న చీలిక పూడిందా, ద అయిపోతుంది. ఫ కాస్తా ప అవుతుంది, ఛ కాస్తా చ. పకీ దాని తలకట్టుకీ మధ్య ఉన్న ఖాళీ మూసుకుపోతే జనం వ అని చదువుతారు. ఒక గుడి ధర్మకర్తల మండలివారు కండువాల మీద పేరు చిన్నగా, సొంపుగా ఉండాలన్నారు. చిన్నగా కుడితే మీరు దర్మకర్తలైపోతారండి అని మొహమాటం లేకుండా చెప్పాను. పెద్దగానే కుట్టించుకున్నారు.

సాఫ్ట్‌వేర్ల తీరు ఇంకో కథ. తెలుగు టైపు చేస్తే చాలావాటికి వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెడతాయి, తప్పిపోయిన పిల్లాణ్ని స్టేషన్లో కూర్చోబెట్టినట్టు. అందుకే డీటీపీవాళ్ళను బతిమాలుకుంటాం, అను ఫాంటులో చేసింది కర్వ్స్‌లోకి మార్చి పంపండి బాబూ అని. మార్చకుండా పంపితే నా కంప్యూటర్లో తెరుచుకునేది మంత్రాలో తిట్లో పోల్చుకోలేం.

ఇంతా చెప్పింది ఎందుకంటే, వాకర్స్ క్లబ్ వారి సంగతి చెప్పడానికి. క్లబ్ పేరు చెప్పను, రోజూ గట్టు మీద ఎదురుపడే మనుషులు. పుష్కరాలొస్తున్నాయి కదా, అందరికీ ఒకే రంగు టీషర్టులు, జేబు మీద లోగో ఉండాలని తీర్మానం చేసుకున్నారు. ప్రెసిడెంటుగారు, సెక్రటరీగారు, ట్రెజరరుగారు, వారితోపాటు రైల్వేలో ఇంజనీరుగా రిటైరైన పెద్దాయన ఒకరు దుకాణానికి వచ్చారు. కాగితం మీద ఎవరో చక్కగా గీసిన బొమ్మే తెచ్చారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది.

అందులో ఏమున్నాయంటే: గోదావరి. దాని మీద ఆర్చి బ్రిడ్జి. బ్రిడ్జి వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు. నడుస్తున్న ఒక మగమనిషి, సమానత్వం కోసం ఒక ఆడమనిషి. శాంతి కోసం పావురం. గుర్రం మీద కాటన్ దొర. తాటాకు మీద రాసుకుంటున్న నన్నయ. చుట్టూ గుండ్రంగా క్లబ్ పేరు, అందులో ఊరి పేరు పూర్తిగా. కింద రిజిస్ట్రేషన్ నంబరు.

"ఎంత సైజులోనండీ?"

"జేబు మీదేనమ్మా. ఓ మూడంగుళాల్లోపు, ముచ్చటగా."

ఊరి పేరు దగ్గరే మొదలుపెట్టాను. నాలుగక్షరాల్లో పోయే రాజమండ్రి 2015 నుంచి ఏడక్షరాల రాజమహేంద్రవరం అయింది. అప్పుడు జీవో ఇచ్చినవారు కుట్లు లెక్క చూసుకున్నట్టు లేరు. "ఎంబ్రాయిడరీకి వెయ్యి కుట్లకు ఇంత అని రేటండి, అక్షరాలు పెరిగితే కుట్లు పెరుగుతాయి" అన్నాను. ట్రెజరరుగారు మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగారు. ఆ తరువాత చర్చ ఆయన చేతుల్లోకి వెళ్ళింది. ముందుగా నన్నయగారికి ఉద్వాసన. సెంటీమీటరు ముఖంలో కన్నుకి ఒక్క కుట్టే పడుతుంది, అది జరిగితే ఆదికవి కన్ను కొడతాడు అని నేను చెప్పడం కూడా కొంత పనిచేసింది. పావురం ఎగిరిపోయింది. కాటన్ దొర కాసేపు గట్టిగా నిలబడ్డాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి 1852 నుంచి మనకింత అన్నం పెడుతున్నవాణ్ని తీసేస్తారా అని సెక్రటరీగారు గొంతు పెంచారు. చివరికి దొరకు క్లబ్ ఆఫీసులో ఫ్రేము కట్టించాలని రాజీ కుదిరింది.

మిగిలింది బ్రిడ్జి. అంతవరకూ నోరు మెదపని ఇంజనీరుగారు అప్పుడు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఏది తీసినా నాకభ్యంతరం లేదమ్మా. బ్రిడ్జికి మాత్రం 28 కమానులూ ఉండాలి."

"ఇరవై ఎనిమిదీనా అండి?"

"ఉన్నది 28. తక్కువేస్తే అది వేరే బ్రిడ్జి అవుద్ది."

కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. లోగో వెడల్పు 7 సెంటీమీటర్లు. 28తో భాగిస్తే కమానుకు రెండున్నర మిల్లీమీటర్లు. కమాను గీత శాటిన్ కుట్టుతో రావాలి, అది ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే నిలవదు. అటు కాలికి మిల్లీమీటరు, ఇటు కాలికి మిల్లీమీటరు పోగా రైలు వెళ్ళడానికి మిగిలింది అర మిల్లీమీటరు. దారమే 0.4. బట్ట ముడుచుకుంటే ఆ అరా పూడిపోయి, గోదావరి మీద బ్రిడ్జికి బదులు లావుపాటి గీత వస్తుంది. ఆయన నా లెక్కను తన పెన్నుతో మళ్ళీ చేశారు. "అసలు కమాను 97 మీటర్ల పైమాట, నువ్వు దాన్ని రెండున్నర మిల్లీమీటర్లు చేశావు. ముప్పై తొమ్మిది వేల రెట్లు తగ్గించావన్నమాట" అన్నారు, ఆ తగ్గింపుకు నాకు ఎవరు పర్మిషన్ ఇచ్చారన్నట్టు.

మూడు కమానులు వేస్తే చూసేవాళ్ళకు ఆర్చి బ్రిడ్జి అని తెలిసిపోతుందండి అన్నాను. ట్రెజరరుగారు రెండు చాలవా అన్నారు. ఇంజనీరుగారు ఆయన వైపు చూసిన చూపు నేను వర్ణించలేను.

సరే, నమూనా కుట్టి చూపిస్తాను, అప్పుడు తేల్చుకోండి అన్నాను. వెంటనే రంగుల పేచీ. షేడ్ కార్డు ముందు పెట్టాను. దారం ముక్కలు వరసగా అతికించి ఉంటాయి, వేలు పెట్టి చూపించడమే. సూర్యుడికి పసుపు అనగానే ఒకాయన ఉలిక్కిపడ్డారు, ఆ పార్టీవాళ్ళం అనుకుంటారని. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే ఈ పార్టీ అంటారట. ఎరుపు ఇంకోళ్ళది, కాషాయం మరొకళ్ళది. క్లబ్‌లో అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు, పొద్దున్నే నడిచేది ప్రశాంతత కోసం. ఆంధ్రదేశంలో ఇంకా ఏ పార్టీకీ పోని రంగు ఏమిటా అని కార్డంతా వెతికి, చివరికి మట్టిరంగు తేల్చారు. వరదనీరొచ్చినప్పటి గోదావరి రంగు. సూర్యుడికీ అదే వేసేయమన్నారు, దారం మార్చే ఖర్చు తగ్గుతుందని ట్రెజరరుగారు.

మర్నాడు నేను డిజైన్ చేస్తుండగా ఇంజనీరుగారు ఒక్కరే వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నారు. స్క్రీన్ మీద సూర్యుడు కోడిగుడ్డులా ఉన్నాడు.

"అమ్మాయ్, గుండ్రంగా లేదు."

"కావాలనే అలా గీశానండి."

మామూలుగా ఇక్కడ ఎవరికైనా నా మీద నమ్మకం పోతుంది. విషయం ఇది. కుట్టు ఏ దిక్కుగా పడితే ఆ దిక్కున బట్టను లోపలికి లాక్కుంటుంది. దానికి అడ్డంగా ఉన్న దిక్కున పైకీ కిందికీ నెట్టేస్తుంది. స్క్రీన్ మీద నికార్సైన వృత్తం గీసి కుట్టిస్తే గుడ్డు వస్తుంది. అందుకని కుట్లు పడే వైపు కాస్త ఎక్కువ, అడ్డం వైపు కాస్త తక్కువ గీస్తాం. ఎంత అనేది బట్టను బట్టి. జీన్సు గుడ్డకు కొద్దిగా చాలు, టీషర్టు సాగేది కాబట్టి ఎక్కువ పెట్టాలి. లోపల పేపరు వేసి, ఫ్రేములో బిగించి, ఆపైన అండర్‌లే అని ఒక పలచటి కుట్టు ముందు వేసి, దాని మీద అసలు కుట్టు వేస్తాం. కళ్ళాపి చల్లకుండా ముగ్గు వేయం కదా. అయినా బట్ట ఎంతో కొంత కదులుతుంది. కదులుతుందని ముందే తెలుసు కాబట్టి ఆ మేరకు వంకర గీసి ఉంచుతాం.

ఇదంతా చెబుతుంటే ఆయన ముఖం విప్పారింది. "క్యాంబర్!" అన్నారు.

నేను అర్థం కానట్టు చూశాను. గర్డరు తయారుచేసేటప్పుడు తిన్నగా చేయరట. మధ్యలో కొంచెం పైకి ఉబ్బెత్తుగా చేస్తారట. బరువు పడ్డాక అది దిగి తిన్నగా నిలుస్తుంది. తిన్నగా చేస్తే బరువుకి కుంగిపోయి కనిపిస్తుంది. "ఇన్నాళ్ళూ మా ఇంట్లోవాళ్ళకి చెబుతున్నానమ్మా, ఒక్కళ్ళకీ ఎక్కలేదు" అని, జేబులోంచి వేయించిన వేరుశనక్కాయల పొట్లం తీసి నా బల్ల మీద పెట్టారు. ఆ తరువాత రెండు గంటలు కదల్లేదు. కుట్లు ఏ కోణంలో పడాలి, ఒక కమానులోంచి ఇంకో కమానులోకి దారం తెంపకుండా అడుగునుంచి ఎలా వెళ్ళాలి, అన్నిటికీ సలహాలే. ఒకటి రెండు పనికొచ్చాయి కూడా. దారి మార్చమని ఆయన చెప్పిన చోట నిజంగానే కత్తిరింపులు తగ్గాయి. రైల్వేవారికి దారి గురించి ఒకరు చెప్పాలా.

నమూనా బాగా వచ్చింది. గుడ్డు సూర్యుడయ్యాడు. మూడు కమానులు, కింద రెండు అలలు, నడుస్తున్న ఇద్దరు మనుషులు. పేరు రాజమండ్రి అనే కుట్టాం, తీర్మానం పుస్తకంలో మాత్రం రాజమహేంద్రవరం అని రాసుకున్నారు. కమిటీ అంతా తలో చెయ్యీ వేసి తడిమి చూసింది. ఇంజనీరుగారు నమూనాను దీపం దగ్గర పెట్టి, దూరం పెట్టి, తిరగేసి బాబిన్ దారం కూడా పరీక్షించారు.

"పని బాగుందమ్మా. మిగతా 25 ఏవీ?"

"చొక్కా లోపలికి వెళ్ళిపోయాయనుకోండి."

నవ్వుతారనుకున్నాను. "1997 నుంచి ఆ బ్రిడ్జి కింద నడుస్తున్నాను, నన్ను అబద్ధం మోయమంటున్నారు" అని లేచి వెళ్ళిపోయారు. సర్వసభ్య సమావేశంలో ఓటింగు పెట్టారట. మూడు కమానుల పక్షం నెగ్గింది. టీషర్టులన్నీ కుట్టి ఇచ్చేశాం, డబ్బులూ ముట్టాయి. ప్రెసిడెంటుగారి పొట్ట మీద మూడు కమానులూ బాగా సాగి నిండుగా కనిపిస్తున్నాయని మా కుర్రాడు గట్టు మీద చూసొచ్చి చెప్పాడు.

క్లబ్ చీలింది. గోదావరి గట్టు మీద ఏది చీలకుండా ఉంది గనక. ఇంజనీరుగారు నలుగురు సభ్యులతో కొత్త క్లబ్ పెట్టుకుని, ఆ నలుగురినీ వెంటబెట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చారు.

"ఈసారి నీకు ఇబ్బంది లేదమ్మా. కమానుల గొడవే లేదు. మాది హేవ్‌లాక్ బ్రిడ్జి."

1900లో కట్టిన పాత బ్రిడ్జి. కొత్తది వచ్చాక దాని మీద రైళ్ళు ఆపేశారు. మంచి ఎంపికే అనుకుని, ఎందుకైనా మంచిదని అడిగాను.

"స్పాన్లు ఎన్నండీ?"

"56."

నేను పెన్ను కింద పెట్టేశాను. ఆయన తన జేబులోంచి మడత కాగితం తీశారు.

"జేబు మీద కాదమ్మా, వీపు మీద. వీపుకి 28 సెంటీమీటర్లు వేసుకున్నాను. స్పానుకి 5 మిల్లీమీటర్లు వచ్చింది. నీ లెక్క ప్రకారం రెండు కాళ్ళకీ పోను లోపల మూడు మిల్లీమీటర్లు మిగులుద్ది. చూసుకో."

చూసుకున్నాను. లెక్క ఎక్కడా తప్పులేదు. వెనక నిలబడ్డ నలుగురూ గెలిచినట్టు ముఖాలు పెట్టారు. మొత్తం కుట్లు ఎన్నవుతాయో వేసి, చొక్కాకు ఎంత పడుతుందో చెప్పాను. నలుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇంజనీరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ప్రింటింగ్ అయితే ఎంతవుద్దమ్మా?"